జూలై ఒకటిన ఎవరి పుట్టినరోజూ లేదు

నా పుట్టినరోజు జూలై ఒకటి. ఈ సంగతి మా అమ్మకి తెలియదు. మా హెడ్మాస్టరుగారికి మాత్రం తెలుసు, దాన్ని పెట్టింది ఆయనే కాబట్టి. బళ్లో వేసే రోజున నాకు అయిదేళ్లు నిండాయో లేదో మా నాన్న చెప్పలేకపోయాడు. హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమన్నారు. అందింది. "సరే, జూలై ఒకటి వేస్తున్నా" అన్నారు. మా బెంచీలో అయిదుగురం కూర్చునేవాళ్లం, నలుగురం జూలై ఒకటినే పుట్టాం. అయిదోవాడి నాన్న కరణం కాబట్టి వాడికొక్కడికే నిజం పుట్టినరోజు ఉండేది. మా అమ్మ లెక్కలో నేను వినాయక చవితి వెళ్లిన మూడోనాడు, నల్లగేదె ఈనిన వారంలో పుట్టాను.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, మీలో చాలామంది ఆసుపత్రుల్లో గంటా నిమిషంతో సహా పుట్టినవాళ్లు. సర్టిఫికెట్ పుట్టినరోజుతో బతుకంతా గడిపినవాడి బుర్ర ఎలా పనిచేస్తుందో మీకు తెలిసే అవకాశం లేదు. నా ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ బుర్రతోనే చేశాను.

నేను జర్మనీకి వచ్చింది సాఫ్ట్‌వేర్ పనికి. ఆ పని కొన్నాళ్లకి నన్ను వదిలేసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక చిన్న కంపెనీ డేటా చూసుకునే మనిషి కావాలంటే అందులో చేరాను. క్యాలెండర్లు, డైరీలు, పత్రికలకి "చరిత్రలో ఈ రోజు" శీర్షికలు తయారుచేసే కంపెనీ అది. నాకు దక్కింది బ్రిటన్ బల్ల. ఏడాదిలో ప్రతి తేదీకీ ఆ దేశంలో ఏం జరిగిందో, ఎవరు పుట్టారో ఒక పేజీ కట్టాలి. గుంటూరు జిల్లాలో పుట్టి, జర్మనీలో కూర్చుని, ఇంగ్లండువాళ్లకి వాళ్ల చరిత్ర అమ్మేవాణ్ణి. మా ఆవిడ దీన్ని "వాళ్లు మనకి చేసినదానికి బదులు" అనేది.

మా బల్లకి ఒక ఎడిటర్ ఉండేవాడు. ఇంగ్లండు మనిషి, పూర్వం లైబ్రేరియన్, జర్మన్ ఆవిణ్ణి పెళ్లాడి ఇక్కడ స్థిరపడ్డాడు. నా సర్టిఫికెట్ కథ అప్పట్లో ఆఫీసులో అతనొక్కడికే చెప్పాను. "దాందేముంది, మా రాణిగారికీ రెండు పుట్టినరోజులే. ఒకటి పుట్టింది, ఒకటి సర్కారు పెట్టింది" అన్నాడు. ఆ మాట నాకెంత నచ్చిందంటే, ఆ తర్వాత ఎప్పుడూ ఆ అబద్ధపు తేదీ గురించి సిగ్గుపడలేదు. ఇక్కడి ఆఫీసుల్లో పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే కేకు తేవాలి. పదకొండేళ్లపాటు ప్రతి జూలై ఒకటికీ మా ఆవిడ కేకు చేసింది, నేను మోసుకెళ్లాను, వాళ్లంతా పాట పాడారు. మా పై అధికారిణి, అందరం షెఫిన్ అనేవాళ్లం, ఒక్కరోజు ముందు కూడా శుభాకాంక్షలు చెప్పేది కాదు. ముందుగా చెప్తే అరిష్టమని, ఆలస్యమైతే పర్వాలేదని వాళ్ల నమ్మకం. ఆ రోజు పొద్దున మాత్రం చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపేది.

కరోనా వచ్చిన ఏడాది మార్చి నుంచి అందరం ఇళ్లల్లోంచే పని. ఏప్రిల్ నుంచి కుర్జ్‌ఆర్బైట్, అంటే సగం గంటలే పనిచెయ్యాలి, మిగతా జీతంలో కొంత ప్రభుత్వం ఇస్తుంది. మా ఎడిటర్‌కి వారానికి రెండు రోజులే పని మిగిలింది. నాకు మధ్యాహ్నం ఒంటిగంట వరకు. ఒంటిగంట దాటి అయిదు నిమిషాలు కంప్యూటర్ తెరిచి ఉంచినా షెఫిన్ ఫోన్ చేసి, చట్టం చట్టమేనని గుర్తుచేసేది.

పత్రికల ఆర్డర్లు పడిపోయాయి గానీ కొత్తగా ఒక పని వచ్చింది. ఇంగ్లండులో వృద్ధుల ఇళ్లు నడిపే ఒక సంస్థ, రోజుకొక పేజీ పెద్ద అక్షరాల్లో కావాలని అడిగింది. బయటినుంచి ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు, లోపలివాళ్లు గదులు దాటడం లేదు. పొద్దున టిఫిన్ వేళ అందరూ తలుపుల దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చుంటే, ఒక ఆయా వరండాలో నిలబడి ఆ పేజీ చదువుతుంది. పైన ఆ రోజు జరిగిన సంగతులు, మధ్యలో ఆ రోజు పుట్టిన పేరున్నవాళ్లు, అడుగున "మన ఇంటి పుట్టినరోజులు". ఏ ఇంటి పేజీలో ఆ ఇంటివాళ్ల పేర్లుండాలి. ఎవరి పుట్టినరోజూ లేకపోతే అక్కడ ఖాళీ ఉండకూడదని నేనొక వాక్యం తయారుచేసి పెట్టాను. "ఈ రోజు మన ఇంట్లో ఎవరి పుట్టినరోజూ లేదు." పేర్లు లేనప్పుడు అది దానంతటదే అచ్చయ్యేది. ఆ వాక్యం రాసినప్పుడు చాలా మర్యాదగా ఉందనుకున్నాను.

ఈ పనికి నాకు సాయంగా ఒక అమ్మాయిని ఇచ్చారు. కరీంనగర్ పిల్ల, ఆకెన్‌లో మాస్టర్స్ చేసి అప్పుడే చేరింది, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. నేను పేజీ కట్టాలి, తను సరిచూసి పంపే బటన్ నొక్కాలి. పంపినవాళ్ల పేరులోని మొదటి అక్షరాలు రికార్డులో పడతాయి.

జూన్ ఆఖరి సోమవారం, జూలై ఒకటి పేజీ కడుతున్నాం. ఆ తేదీ బ్రిటన్‌లో మహా బరువైనది. ఒక పెద్ద యుద్ధంలో వాళ్ల సైన్యం ఎన్నడూ లేనంతమందిని ఒక్క పగటిలో పోగొట్టుకుంది ఆ రోజే. టిఫిన్ వేళ చావులు వద్దని మా ఎడిటర్ నియమం, కాబట్టి దాన్ని తీసేశాను. ఒక రాకుమారుడికి పట్టం కట్టారు, హాంకాంగ్ చేజారింది, ఇళ్లు తప్ప మూసిన చోట్ల పొగతాగడం మానిపించారు. వీటన్నిటికంటే పైన నాకిష్టమైనది పెట్టాను: ఇంగ్లండులో ప్రభుత్వం జననాలు నమోదుచెయ్యడం మొదలుపెట్టింది జూలై ఒకటినే. "ఆ రోజునుంచి ప్రతి బిడ్డకీ సర్కారు పుస్తకంలో ఒక వరుస దక్కింది" అని రాసుకుని మురిసిపోయాను. పుట్టినవాళ్లలో అందరికీ తెలిసిన ఒక రాకుమారి పేరు ముందు, తర్వాత ఒకరిద్దరు నటులు.

అడుగున వెయ్యాల్సిన పేర్ల జాబితా తెరిచాం. ఉత్తరాన ఒక ఊళ్లోని ఇంటినుంచి వచ్చిన జాబితాలో జూలై ఒకటిన పుట్టినవాళ్లు ఏడుగురున్నారు. మొత్తం ఉండేదే నలభైమంది.

నాకు నవ్వాగలేదు. "చూశావా అమ్మాయ్, అక్కడ కూడా మా హెడ్మాస్టరే ఉన్నాడు!"

ఆ పిల్లకి అర్థం కాలేదు. చెవి పట్టుకున్న కథంతా చెప్పాను. స్క్రీన్ మీద నవ్వింది గానీ కళ్లు జాబితా మీదే ఉన్నాయి.

"గట్లనా... మరి ఏడుగురిల ఒక్కరిదన్న నిజమైతే అంకుల్? ఒక్క మెయిల్ కొట్టి అడుగుదమా?"

"ఏమని అడుగుతావు? అక్కడ సగంమంది నర్సులు మంచానపడ్డారు. మన మెయిల్ చూసేసరికి గురువారం అవుతుంది. తేదీలు తెలియనివాళ్లకి అక్కడి సాఫ్ట్‌వేర్ జూలై ఒకటి వేసేసి ఉంటుంది. ఏడూ తీసేయ్."

"తీసుడెందుకు అంకుల్? ఉంచుదం. తప్పైనా ఒక కేకు ఎక్కువైతది, అంతే గదా."

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆ పిల్ల చెప్పినదాంట్లో ఎంత ఇంగితం ఉందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోతుంది. అప్పుడు గడియారం పన్నెండూ యాభై చూపిస్తోంది. ఒంటిగంటకి ఆపెయ్యాలి. పైగా తేదీల విషయంలో నాకొకరు చెప్పడమా అన్న పొగరు. "అమ్మాయ్, ఈ జూలై ఒకటి నాకు నువ్వు పుట్టకముందునుంచీ తెలుసు" అన్నాను. ఏడు పేర్లూ తీసేశాను, తను బటన్ నొక్కింది.

బుధవారం జూలై ఒకటి. పదకొండింటికి ఆఫీసంతా వీడియోలో చేరి నాకు జర్మన్‌లో పాట పాడారు. మా ఆవిడ వెనక పుస్తకాల అలమరకి రంగుకాగితాల తోరణం కట్టింది. కెమెరా ముందు కేకు కోసి, ఎవరికీ పెట్టలేను కాబట్టి నేనే తిన్నాను. షెఫిన్ తెరమీదే చెయ్యి ఊపింది. ఆ కరీంనగర్ పిల్ల చప్పట్లు కొట్టింది. చాలా సంతోషంగా ఉన్నాను, దాచేదేముంది.

శుక్రవారం ఆ ఉత్తరాది ఇంటినుంచి మెయిల్ వచ్చింది. రాసింది అక్కడి ఒక ఆయా. ఒంట్లో బాగోలేక పదిరోజులు ఇంట్లో ఉండి, ఆ పొద్దునే తిరిగి పనిలో చేరిందట. తిట్లేమీ లేవు. తిట్లుంటే బాగుండేది.

ఏడుగురిలో ఆరుగురి విషయంలో నేను చెప్పిందే నిజం. సాఫ్ట్‌వేరే వేసింది. ఏడో ఆవిడ నిజంగా జూలై ఒకటినే పుట్టింది. తొంభై ఒకటి నిండాయి. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసిన మనిషి, పిల్లల్లేరు, దూరదేశంలో మేనకోడలు ఒకతె. ఈమధ్య మతిమరుపు మొదలైంది. ఏ రోజు ఏ వారమో మా పేజీ విన్నాకే ఆవిడకి కుదుటపడేదట. జూన్ మొదటినుంచీ అందరికీ చెప్తోందట, "ఒకటో తారీఖున నా పేరు రాకుమారి కింద వస్తుంది, వినండి" అని. ఆ పొద్దున నీలం గౌను వేసుకుని, ఎప్పుడూ పెట్టెలోనే ఉండే బ్రోచ్, అదే గౌనుకి గుచ్చుకునే రాళ్ల పిన్ను, తీసి పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది. ఆ వారమంతా అక్కడ పనిచేసింది ఏజెన్సీ పంపిన కొత్తవాళ్లు. వాళ్లకి ఎవరి సంగతీ తెలియదు. మేనకోడలు పంపిన కార్డు వచ్చింది గానీ, జబ్బు అంటకుండా ఉత్తరాలన్నీ మూడురోజులు డబ్బాలో ఉంచాకే ఇవ్వాలన్న నియమం వల్ల అది డబ్బాలోనే ఉంది.

కొత్త ఆయా పేజీ చదివింది. జననాల నమోదు చదివింది, రాకుమారి పేరు చదివింది. చివర్లో, "ఈ రోజు మన ఇంట్లో ఎవరి పుట్టినరోజూ లేదు" అని చదివింది.

ఆవిడ ఇంకోసారి చదవమందట. చదివింది. "అయితే నేనే పొరబడ్డాను" అని బ్రోచ్ తీసి ఒళ్లో పెట్టుకుందట.

సోమవారం షెఫిన్ మీటింగ్ పెట్టింది. నేను, ఆ పిల్ల, ఎడిటర్. ఇదెలా జరిగిందని అడిగింది. నేను చెప్పిన మాట ఇదీ: "జాబితా గందరగోళంగా వచ్చింది." అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోటికొచ్చింది.

"పేజీ పంపిందెవరు?" అని షెఫిన్ రికార్డు చూసింది. ఆ పిల్ల తన చిన్న చదరంలో మైకు తెరిచి, "నేనే పంపిన" అని జర్మన్‌లో చెప్పి మళ్లీ మూసేసింది. షెఫిన్ కాగితం మీద ఏదో రాసుకుంది. ప్రొబేషన్‌లో ఉన్న పిల్ల, వీసా ఆ ఉద్యోగం మీద నిలబడింది. నా ఉద్యోగానికి వచ్చిన ముప్పేమీ లేదు, నాకు ఇంకా అయిదేళ్లలో పెన్షన్. అయినా తీసెయ్యమంది నేనేనని చెప్పలేదు. మా ఎడిటర్ నావంక చూస్తున్నాడని స్క్రీన్ మీద కూడా తెలుస్తోంది. జూలై ఒకటి గురించి నేనేమనుకుంటానో ఆ పిల్ల కాక ఆ ఆఫీసులో తెలిసింది అతనికే. మీటింగ్ అయిపోయింది.

ఆ పిల్లకి ఫోన్ చేశాను. "నేను చెప్పానని ఎందుకనలేదమ్మా?"

"మీరే చెప్తరేమో అని చూసిన అంకుల్."

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. అంతటి సిగ్గు నేను అంతకుముందు ఎరగను. వంటింట్లో మా ఆవిడ ఏమైందని అడిగితే తలనొప్పన్నాను. తర్వాత కూర్చుని షెఫిన్‌కి మొత్తం రాశాను. ఆ పిల్ల వద్దందని, మెయిల్ కొడదామందని, కనీసం పేర్లు ఉంచుదామందని, అన్నిటికీ అడ్డంపడింది నేనేనని. చివర్లో నా చెవి కథ కూడా రాశాను. ఒక జర్మన్ మనిషికి అది అర్థమవుతుందో లేదో అనుకున్నాను. జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. "చెప్పినందుకు ధన్యవాదాలు. ఆవిడకి మీరే ఫోన్ చేసి చెప్పండి." అంతకుమించి ఏమీ అనకపోవడమే షెఫిన్ వేసిన శిక్ష అని నాకు తెలుసు.

మిగతా సంగతులు గబగబా చెప్పేస్తాను. ఆ పిల్ల ఉద్యోగం నిలబడింది. ఇప్పుడు ఎర్లాంగెన్‌లో పెద్ద కంపెనీలో ఉంది. జూలై ఒకటికి నాకు ఎప్పుడూ శుభాకాంక్షలు చెప్పదు. ఏటా పంచాంగం చూసుకుని వినాయక చవితి వెళ్లిన మూడోనాడు ఫోన్ చేస్తుంది. క్షమించిందని అనుకోవడం నాకు ఇష్టం. ఎవరి పుట్టినరోజూ లేదన్న ఆ వాక్యాన్ని పేజీలోంచి తీసేశాం, ఇప్పుడు పేర్లు లేకపోతే అక్కడ ఒక పువ్వు బొమ్మ అచ్చవుతుంది. ఆ ముసలావిడ ఆ చలికాలం దాటలేదు. జనవరిలో కరోనా ఆ ఇంటి గదుల్లోకీ వచ్చింది. మరుసటేడు జూలై ఒకటి పేజీకి కొత్త జాబితా వచ్చినప్పుడు అందులో ఆవిడ వరుస లేదు. ఒక్కసారి కూడా ఆవిడ పేరు రాకుమారి కింద అచ్చుకాలేదు.

ఇక ఆ ఫోన్ సంగతి. ఇంతసేపూ దాన్నే వాయిదా వేస్తున్నానని మీకు తెలిసిపోయే ఉంటుంది.

బుధవారం, అంటే ఆవిడ పుట్టినరోజు వెళ్లిన సరిగ్గా వారానికి, వీడియో కాల్‌కి టైమిచ్చారు. చెప్పాల్సిన నాలుగు ముక్కలూ కాగితం మీద రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. మెయిల్ రాసిన ఆయానే టాబ్లెట్ పట్టుకుంది, చేతులకి తొడుగులు, ముఖానికి మాస్కు. ముసలావిడ సన్నగా, తెల్లగా, జుట్టు నున్నగా దువ్వుకుని ఉంది. బ్రోచ్ లేదు.

నా కాగితం చదివాను. మీ పుట్టినరోజు జూలై ఒకటే, మీరేమీ పొరబడలేదు, పొరబడింది నేను, మీ పేరు నా చేత్తోనే తీసేశాను, నన్ను క్షమించాలి.

ఆవిడ శ్రద్ధగా వింది. తర్వాత చిన్నగా నవ్వి, "నువ్వు మంచివాడివి నాయనా" అంది. వాళ్ల భాషలో అన్న మాట వేరు గానీ నా చెవికి నాయనా అన్నట్టే వినిపించింది. "కౌంటర్లో ఉన్నప్పుడు మేమూ ఇంతే. పొరబాటు కస్టమరుదైనా, మాదేనండీ అనేవాళ్లం. వాళ్లు చిన్నబుచ్చుకోకూడదు కదా."

"లేదండీ, నిజంగానే నా తప్పు. మీ మేనకోడలు కార్డు కూడా పంపిందిగా?"

"అదీ నా మాట నమ్మి పొరబడింది, పాపం. పేజీలో చూసుకోలేదు."

ఏం చెప్పినా ఆవిడ అలాగే తలాడించింది. నా మాట కంటే నా పేజీనే ఎక్కువ నమ్మింది. ఆయా కూడా చెప్పిచూసింది, "మీ ఫైల్లో కూడా ఉందండీ" అని. ఆవిడ దానికీ మర్యాదగా నవ్వింది.

అప్పుడు ఆవిడ కళ్లు నా వెనక్కి వెళ్లాయి. మా ఆవిడ కట్టిన తోరణం అలమరకి ఇంకా వేలాడుతోంది. వారం నుంచీ నేను విప్పలేదు.

"మీ ఇంట్లో ఎవరిదో పుట్టినరోజు అయినట్టుందే?"

"నాదేనండీ."

"ఎప్పుడూ?"

అబద్ధం చెప్పొచ్చు. మా అమ్మ లెక్క చెప్పొచ్చు, హెడ్మాస్టరుగారి కథ చెప్పొచ్చు. పదకొండేళ్ల అలవాటు, అడగ్గానే నోటికొచ్చేసింది. "జూలై ఒకటి" అన్నాను.

ఆవిడ ముఖం ఒక్కసారిగా విప్పారింది. చిక్కుముడి విడిపోయినట్టు నిట్టూర్చింది. "అదీ సంగతి! నీదన్నమాట. జూలై ఒకటి ఎవరిదో అని నాకు గుర్తుంది, ఎవరిదో గుర్తురాక నాదనుకున్నాను" అంది. ఆయా వైపు తిరిగి, "వారం ఆలస్యమైనా పాడొచ్చు కదా?" అని అడిగింది.

ఆయా నావంక చూసింది. నేను తల దించుకున్నాను.

ఆవిడ పాడింది. గొంతు సన్నగా వణికినా, మొదటినుంచి చివరిదాకా, పేరు రావాల్సిన చోట నా పేరు అడిగి తెలుసుకుని మరీ పాడింది. చివర్లో చప్పట్లు కొట్టింది. నేను థాంక్సండీ అన్నాను.